చిరుత ఈనిన బంగళా

ఆ అడవి దారిలో సఫారీ జీపులు ఎక్కడైనా ఆగుతాయి కానీ, పాడుపడిన బంగళా దగ్గర మాత్రం పొద్దు గూకాక ఆగవు. ఎందుకని అడిగితే డ్రైవర్లు నోరు విప్పరు. "మంచి చోటు కాదండీ..." అని గేరు మారుస్తారు. అంతే.

ఇది మా పెద్దమ్మ కూతురికి జరిగింది. అక్క ఆసుపత్రిలో నర్సు. సెలవు దొరికితే చాలు, కెమెరా భుజాన వేసుకుని అడవికి పోయేది. ఫొటోలు తీయడం నేర్పింది మా మావయ్యే. ఎప్పుడూ ఇద్దరూ కలిసే వెళ్ళేవాళ్ళు.

ఒకరోజు ఆయన బద్ధకించి, అడవి అంచున వాళ్ళు దిగిన లాడ్జి గదిలోనే పడుకున్నాడు. ఆ ఉదయమే అక్కకి బంగళా మెట్ల మీద చిరుత కనిపించింది — పిల్లి కూనలంత పిల్లలు రెండింటితో! ఆ ఫొటో తమ ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. చోటు మాత్రం రాయలేదు. ఎంతమంది అడిగినా చెప్పలేదు.

మావయ్య ఆ విరిగిన మెట్లు గుర్తుపట్టాడు. "ఇది పాడు బంగళాయే! పొద్దున్నే వెళ్ళండి, దొరుకుతుంది" అని గ్రూపంతటికీ చాటేశాడు.

మర్నాడు అక్కడ జీపులు బారులు తీరాయి. హారన్లు, ఈలలు, కేకలు... తల్లి బెదిరిపోయి ఒక కూనని నోట కరుచుకుని, జీపుల మధ్య నుంచే అడవిలోకి దూకింది. రెండోది లోపలే ఉండిపోయింది.

అక్కకి సంగతి తెలిసేసరికి సాయంత్రమైంది. ఒళ్ళు మండిపోయింది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా మావయ్యా!"

"నలుగురూ చూస్తారనే కదే..."

"నలుగురా? సంతకొచ్చినట్టు వచ్చారు! ఇంకా ఎవడైనా అక్కడే కాపు కాస్తుంటే, తల్లి రెండోదాని కోసం ఎలా వస్తుంది? పద. వాళ్ళని తరిమేసి వద్దాం."

డ్రైవరు నసిగాడు. "పొద్దు గూకుతోంది మేడం..."

"అయితే తొందరగా పోనివ్వు!"

తీరా వెళ్తే అక్కడ ఒక్కరూ లేరు. ఆకు కదలడం లేదు. బంగళా తలుపు సగం తెరిచి ఉంది...

"వెనక్కి తిప్పు" అంది అక్క. డ్రైవరు తిప్పేలోపే మావయ్య కెమెరా పట్టుకుని దిగేశాడు.

"పిల్ల బతికుందో లేదో... ఒక్క ఫొటో..."

"మావయ్యా! రా వెనక్కి!" తల్లి బెదురుతుందని గట్టిగా అరవడానికి లేదు. పళ్ళు కొరికింది.

ఆయన గుమ్మం దాటాడు. చీకట్లో కలిసిపోయాడు.

చప్పుడు లేదు... చాలాసేపు లేదు.

ఉన్నట్టుండి కేక — "వదులు... వదులు!"

అక్క టార్చి తీసుకుని పరిగెత్తింది. మావయ్య గుమ్మంలోనే బోర్లా పడి, బయటికి పాకుతున్నాడు. "దెయ్యం... కాలు పట్టుకుంది!"

అక్క లోపలికి టార్చి వేసింది. గది అవతలి చివర, పొయ్యి గూట్లో నక్కి బుస్సుమంటోంది — చిరుత కూన. బతికే ఉంది!

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఆ పిల్లే పట్టుకుంది నిన్ను. తగిన శాస్తి!" అంటూ ఆయన్ని జీపులోకి ఈడ్చింది.

అంతలో బంగళా వెనక... రంపంతో కట్టె కోస్తున్నట్టు గరగర.

"తల్లి..." గుసగుసగా అన్నాడు డ్రైవరు. లైట్లు ఆర్పేశాడు.

జీపు పక్కనుంచే ఓ నీడ లోపలికి జారింది. కాసేపటికి బయటికి వచ్చింది. నోట్లో కూన వేలాడుతోంది. మావయ్య చెయ్యి మళ్ళీ కెమెరా మీదికి పోయింది. అక్క ఆ చెయ్యి విరిచినంత పని చేసింది.

గదికి చేరేసరికి ఆయన ఫోను మోగుతూనే ఉంది. ఏమైనా దొరికిందా అని అందరూ ఒకటే అడగడం.

"ఏమని రాయమంటావే?"

"దెయ్యం కాలు పట్టుకుందని రాయి. ఒక్కడూ అటు పోకూడదు."

"నవ్వుతారే..."

"నవ్వనీ! పొద్దున తల్లి అల్లాడిపోతుంటే నవ్వుతూనే కదా ఫొటోలు తీశారు!"

ఆయన అలాగే రాశాడు.

అక్క కోపం అప్పటికీ చల్లారలేదు. మందుల పెట్టె తెచ్చి ఆయన ముందు విసురుగా పెట్టింది. "గోళ్ళు దిగితే సూదిమందు పడాలి. చూపించు." ప్యాంటు పైకి లాగి, దూది తడిపి...

అలాగే ఉండిపోయింది.

గోటి గీత ఒక్కటీ లేదు. చీలమండ చుట్టూ నల్లగా కమిలిపోయి నాలుగు వేళ్ళ అచ్చులు... వెనకవైపు బొటనవేలు.