వాసన రాని రోజుల కాఫీ

సంతోషి చేసిన కాఫీ తాగి చేదుగా ఉందన్నవాళ్లున్నారు, పాలు మరిచిపోయావా అని అడిగినవాళ్లున్నారు. "వేడిగున్నది" అని ఊరుకున్నవాడు మాత్రం రఘుపతి ఒక్కడే.

గోదావరిఖనిలో బుచ్చన్న ఇంటి మేడమీది గదిలోకి ఆమె అద్దెకు దిగి అప్పటికి నెల కూడా కాలేదు. సొంతూరు కొత్తగూడెం. ఇక్కడ ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం. బుచ్చన్న బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు రఘుపతి ఇప్పుడు బాయిలో ఓవర్‌మెన్. షిఫ్టులో తన కింద దిగినవాళ్లంతా క్షేమంగా పైకి వచ్చేదాకా బాధ్యత అతనిదే.

వాళ్లది చాయ తప్ప మరొకటి కాగని ఇల్లు. సంతోషికేమో విశాఖలో చదువుకునేటప్పుడు పాడేరు నుంచి వచ్చిన రూమ్మేట్ కాఫీ పిచ్చి అంటించింది. ఇప్పటికీ పొడి ఆ స్నేహితురాలే పార్సిల్ చేస్తుంది. ముసురు పట్టిన ఒక ఆదివారం పొద్దున, ఇంటివాళ్లకు రుచి చూపిద్దామని తన సామానంతా కిందికి తెచ్చింది. గాజు జగ్గు మీద గరాటులాంటి స్టీలు జాలీ పెట్టి, అందులో పొడి వేసి, కాగిన నీళ్లు సన్నటి ధారగా తిప్పుతూ పోసింది. వడకట్టే కాగితం అక్కర్లేదు, కడిగితే ఈ జాలీ ఏళ్లకేళ్లు వస్తుందని చెప్పింది.

రఘుపతి తల్లి పూలమ్మ ఒక గుక్క తాగి, గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, పాలూ చక్కెరా కలుపుకొచ్చి, "ఇగ ఇప్పుడు మంచిగున్నది" అంది. బుచ్చన్న నల్లగానే తాగాడు. ఆఖరి గుక్కలో సన్నటి పొడి నాలుక్కి తగిలితే, రిటైరైనా బొగ్గు తన నోరు వదల్లేదని నవ్వాడు.

ఎవరి మాట ఎలా ఉన్నా సంతోషికి బాగానే అనిపించింది. రఘుపతి మాటే ఎక్కడో గుచ్చుకుంది. వేడిగా ఉండక కాఫీ ఇంకెలా ఉంటుంది?

మరుసటి ఆదివారం ఆమె ఒక కొంటెపని చేసింది. మిగతా ఇద్దరికీ మంచి కాఫీ ఇచ్చి, జాలీలో మిగిలిన పిప్పి మీదే మళ్లీ నీళ్లు పోసి, ఆ గోధుమరంగు నీళ్లను రఘుపతి చేతికిచ్చింది. అతను నిదానంగా తాగాడు. ఎలా ఉందని అడిగితే, "పోయినసారి కంటె ఇయ్యాల ఇంకా మంచిగున్నది" అన్నాడు.

సంతోషి ముఖం ఎర్రబడింది.

"నా కాఫీ ఇష్టం లేకపోతే లేదని చెప్పున్రి. గిట్ల ఎక్కిరించుడెందుకు?"

అతనికి ఏం జరిగిందో అర్థం కాలేదు. గ్లాసులోకి ఒకసారి, ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. అతను నోరు తెరిచేలోపే ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత కాఫీ కిందికి దిగలేదు. మెట్ల దగ్గర ఎదురుపడితే ఇద్దరూ ఫోన్లు చూసుకుంటూ పక్కకు తప్పుకునేవాళ్లు.

కొన్నాళ్లకు బుచ్చన్నా పూలమ్మా బంధువుల పెళ్లికని పెద్దపల్లి వెళ్లారు. ఆ మధ్యాహ్నం సంతోషి ల్యాబ్ నుంచి వచ్చి గది తాళం తీస్తుంటే మాడువాసన గుప్పుమంది. కిందికి పరిగెత్తింది. వంటింటి నిండా పొగ. పాలన్నీ ఇగిరిపోయి, గిన్నె అడుగు నల్లబడి, ఎర్రగా కాలుతోంది. ఆమె స్టవ్ కట్టేసి, కిటికీలు తెరిచి, దగ్గుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. రఘుపతి అక్కడే కుర్చీలో వీపు వంటింటివైపు పెట్టి కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"ఇంత వాసన వస్తుంటె తెలుస్తలేదా?"

అతను లేచి నిలబడ్డాడు. ఆమె వెనక సన్నగా తేలివస్తున్న పొగను అప్పుడే చూశాడు. పేపరు మడిచి కుర్చీలో పెట్టాడు.

"తెలుస్తలేదు" అన్నాడు చివరికి. "నాకు ఏ వాసనా తెలుస్తలేదు."

ఆ మాట అతను ఎవరితోనూ అనడం అదే మొదలు. వానాకాలం మొదట్లో పట్టిన జ్వరం వాసనను తీసుకుని పోయిందని, నాలుకకు ఉప్పూ పులుపూ తీపీ తప్ప ఇంకేవీ అందడం లేదని, ఇవాళో రేపో అదే వస్తుందిలే అనుకుంటూ రోజులు నెట్టానని చెప్పాడు. ఆమె ఇచ్చిన కాఫీ అతనికి రెండుసార్లూ వేడి నీళ్లే. రెండోసారి ఆమె నొచ్చుకోకూడదని మంచిగుందన్నాడు.

సంతోషికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలోనే ఇంకొకటి తట్టింది. ఆమె తండ్రి కూడా బాయిలో పనిచేసినవాడే. లోపల వదిలేసిన బొగ్గు ఒక్కోసారి తనంతట తానే వేడెక్కుతుందని, పొగ కనబడకముందే కిరోసిన్ లాంటి వాసన వస్తుందని చిన్నప్పటి నుంచీ వింటూనే పెరిగింది.

"మీ కింద పనిచేసేటోళ్లకు ఈ సంగతి ఎరుకేనా?"

రఘుపతి తల వంచుకున్నాడు. గ్యాస్ చూసే మిషన్లు ఉన్నాయన్నాడు. అని, ఆ మాట తనకే నచ్చనట్టు ఆగిపోయాడు.

మరునాడు షిఫ్టుకు ముందే వెళ్లి మేనేజర్‌కు అంతా చెప్పాడు. ఆయన ఓపిగ్గా విని, చెప్పి మంచిపని చేశావని మెచ్చుకుని, డాక్టర్ సరేననేదాకా పైన ల్యాంపురూములో డ్యూటీ వేశాడు. కింద దిగేవాళ్లకు తలలైట్లు ఇచ్చి, ఎక్కినవాళ్ల దగ్గర తిరిగి తీసుకునే పని అది. మొదటిరోజు తన మనుషులు తను లేకుండా దిగిపోతుంటే అతను గుమ్మందాకా వచ్చి చూస్తూ నిలబడ్డాడు. ఇంట్లో సంగతి తెలిసి పూలమ్మ కంటతడి పెట్టుకుంది. బుచ్చన్న మాత్రం ఆ రాత్రి కొడుకు కంచంలో తన చేత్తో కూర వడ్డించాడు. ఎన్నడూ వడ్డించని మనిషి.

ముక్కు డాక్టర్ దగ్గరకు సంతోషే తీసుకెళ్లింది. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చునని ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. రోజూ లవంగాలు, నిమ్మతొక్క, కాఫీ లాంటి ఘాటైనవి దగ్గర పెట్టుకుని పీల్చాలి. రాకపోయినా, ఆ వాసన ఒకప్పుడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ ఉండాలి.

"లవంగాలు మీ అమ్మ ఇస్తది. కాఫీ నా జిమ్మ, నేనే చేస్త" అంది సంతోషి, దారిలో.

అలా రోజూ పొద్దున్నే మేడమెట్ల మీద వాళ్ల కాఫీ మొదలైంది. కొన్నాళ్లు ఆమే చేసింది. తర్వాత అతనికి నేర్పింది. మొదటిసారి అతను కెటిల్ ఎత్తి నీళ్లన్నీ ఒక్కసారే గుమ్మరించాడు. పొడి పొంగి జాలీ అంచులు దాటి మెట్ల మీద పారింది.

"లారీ కడుగుతున్నరా?" అందామె. "ముందుగాల కొన్ని నీళ్లతోని పొడి తడుపాలె. అది పొంగుతది. అప్పుడు ఆగాలె."

"ఎంతసేపు?"

"అది దిగేదాక. ఓవర్‌మెన్ సార్‌కు ఆగుడు రాదా?"

అతనికి ఆగడం వచ్చింది. ఆ ఆగిన కాసేపట్లో ముక్కు జాలీ దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని పీల్చేవాడు. పక్కన కూర్చుని ఆమె చెబుతూ పోయేది. ఇవాళ వేయించిన పల్లీల్లా వస్తోంది. ఇవాళ బెల్లం పాకం అడుగంటినట్టుంది. ఇవాళ తడిసిన మట్టి కలిసింది గానీ అది కాఫీది కాదు, వానది. వింటుంటే ఆకలవుతోంది తప్ప వాసన మాత్రం రావడం లేదని అతను నవ్వేవాడు. చినుకులు పెద్దవైతే ఒక్క గొడుగు కింద జగ్గును కాపాడుకుంటూ ఇద్దరూ తడిసేవాళ్లు.

కాఫీ నుంచి మాటలు ఎటెటో వెళ్లేవి. కొత్త ఊళ్లో మొదటి వారం ఎవరితోనూ మాట్లాడక ల్యాబ్‌లో సీసాలకు పేర్లు పెట్టుకున్నానని ఆమె చెప్పింది. ల్యాంపురూములో నిలబడ్డాకే తన మనుషుల ముఖాలు సరిగ్గా చూస్తున్నానని, కింద ఉన్నప్పుడు అందరూ వెలుతురు చుక్కలే కదా అని అతను చెప్పాడు.

ఒకరోజు జాలీలోంచి నీళ్లు దిగడం మానేశాయి. కాఫీ నూనె, సన్నపొడి రంధ్రాల్లో గట్టిపడ్డాయి. సంతోషి కొత్తది కొంటానంది. అతను ఒప్పుకోలేదు. వేడినీళ్లలో నిమ్మరసం పిండి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో లోపలా బయటా తోమి, ఒక కన్ను మూసుకుని జాలీని పొద్దుటి ఎండకెత్తి చూశాడు. సన్నటి రంధ్రాల్లోంచి వెలుతురు అతని బుగ్గ మీద చుక్కలు చుక్కలుగా పడింది. సంతోషి అతన్ని చూస్తూ ఉండిపోయింది. అతను ఇటు తిరిగేసరికి గబగబా కెటిల్ వైపు తిరిగింది. అందులో నీళ్లు లేవు.

వానలు వెనకబట్టే వేళకు ఆమె తండ్రి జగదీశ్వర్ ఫోన్ చేశాడు. ఖమ్మం నుంచి ఒక సంబంధం, అబ్బాయి ఇంజనీరు, ఆదివారం చూడ్డానికి వస్తారు. ఆ మాట ఆమె మెట్ల మీద రఘుపతికి చెప్పి, కప్పు పట్టుకుని ఎదురుచూసింది.

"మంచిదే" అన్నాడతను.

"అంతేనా?"

"మంచి సంబంధమైతే మంచిదే గదా."

ముక్కు వస్తుందో రాదో, మళ్లీ బాయి దిగుతాడో లేదో తెలియనివాడు. అంతకంటే ఏమనాలో అతనికి తోచలేదు. సంతోషికి ఆ లెక్కలేవీ తెలియవు. జగ్గు, జాలీ, పొడి డబ్బా అన్నీ అతని ఒడిలో పెట్టింది.

"నేను లేనని బంద్ పెట్టొద్దు. రోజూ చేసుకోండ్రి" అని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

శనివారం ఊరికి బస్సెక్కింది. ఆదివారం తెల్లవారి రఘుపతి మెట్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. పొడి తడిపాడు. పొంగింది. ముక్కు దగ్గర పెట్టి, ఆమె ఇప్పుడేం చేస్తూ ఉంటుందో అనుకుంటూ ఊపిరి పీల్చాడు.

ముందు ఏదో కాలిన వాసనలా తగిలింది. వంటింట్లో ఏమైనా మాడుతోందేమోనని తల తిప్పాడు. ఏమీ లేదు. మళ్లీ పీల్చాడు. సన్నగా, దూరం నుంచి వస్తున్నట్టు వచ్చింది. పల్లీలు కాదు, బెల్లం కాదు, ఆమె చెప్పినవేవీ కాదు. కాఫీ వాసన, అంతే. అతను జగ్గును రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

వాకిలి ఊడ్వడానికి వచ్చిన పూలమ్మ కొడుకును చూసి భయపడింది. సంగతి విన్నాక అతని తల నిమిరి, "నాకెందుకు చెప్తున్నవ్ రా? చెప్పాల్సినోళ్లకు చెప్పు" అంది. అతను ఫోన్ తీశాడు. బుచ్చన్న వచ్చి ఆ ఫోన్ అందుకుని జేబులో వేసుకున్నాడు. ఇది ఫోన్‌లో చెప్పే ముచ్చట కాదన్నాడు. పూలమ్మ అప్పటికే చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

ముగ్గురూ దొరికిన బస్సెక్కి, వరంగల్‌లో మారి, కొత్తగూడెం చేరేసరికి పొద్దు వాలింది. దారంతా రఘుపతికి ఒకటే గుబులు. ఈపాటికి వాళ్లు చూసి ఉంటారు. మాట కూడా ఇచ్చుకుని ఉంటారు.

జగదీశ్వర్ ఇంటి వరండాలో కుర్చీలేవీ వేసిలేవు. ఆయన లుంగీ మీదే ఎదురొచ్చి, కూతురికి ఇల్లు అద్దెకిచ్చినవాళ్లని తెలిసి ఆదరంగా కూర్చోబెట్టాడు. పూలమ్మ ఉండబట్టలేక చుట్టాలు వచ్చి వెళ్లారా అని అడిగింది. రాలేదన్నాడు. నిన్న రాత్రే సంతోషి ఖమ్మం వాళ్లకు తనే ఫోన్ చేసి, రావద్దని మర్యాదగా చెప్పేసిందట. ఎందుకని అడిగితే ఇంతవరకూ చెప్పలేదట.

సంతోషి లోపలి నుంచి వచ్చింది. రఘుపతి ముఖం చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"వాసన వచ్చిందా?"

"వచ్చింది."

ఆమె చేయి నోటికి అడ్డం వెళ్లింది. కళ్లు తుడుచుకుని, అప్పుడు గొంతు సర్దుకుంది.

"థాంక్స్ చెప్పనీకె ఇంత దూరం రావాల్నా? ఫోన్ చేస్తె సరిపోతుండె."

పెద్దలు ముగ్గురూ అక్కడే ఉన్నారు. రఘుపతి వాళ్లవైపు చూడలేదు.

"థాంక్స్ కోసమే అయితే ఫోన్ చేసేటోణ్ణి. వాసన ఇయ్యాల పొద్దుగాల వచ్చింది సంతోషీ. గిన్ని దినాలు నాకు మీ కాఫీ వేడి నీళ్లే. అయినా ఎప్పుడు తెల్లారుతదా, ఎప్పుడు మెట్ల మీదికి పోదునా అని చూసేటోణ్ణి. అది కాఫీ కోసం కాదు గదా. మొన్న మీకు చెప్పాల్సింది గిదే. ముక్కు లేనోణ్ణి నేనెట్ల అడుగుదునని మంచిదే అన్న."

 సంతోషి తండ్రివైపు చూసి, ఖమ్మం వాళ్లను ఎందుకు రావద్దన్నదో ఇప్పుడు చెప్పాల్సిన పని లేదు కదా అన్నట్టు తల దించుకుంది.

జగదీశ్వర్ రఘుపతికి ఎదురుగా జరిగి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు భూమి కిందికి దిగి ఎక్కిన మనిషి. రఘుపతిని ఒక్కటే అడిగాడు.

"ముక్కు పనిచేస్తలేదని ఆఫీసుల నువ్వే చెప్పినవా, వాళ్లు పట్టుకున్నరా?"

"నేనే చెప్పిన. సంతోషి అడిగినంకనే చెప్పిన. అంతకుముందు దాచిన."

ఆ జవాబు ఆయనకు నచ్చినట్టుంది. డాక్టర్ పూర్తిగా సరేనన్నాకే మళ్లీ దిగమని రఘుపతికి చెప్పి, బుచ్చన్నవైపు తిరిగాడు.

"కింద పనిచేసే వాళ్ల ఇంట్లోళ్లు నీ కొడుకసుంటోని మీద నమ్మకంతోనే నిద్రపోతరు. నా బిడ్డ కూడ నిమ్మలంగ నిద్రపోతది."

బుచ్చన్న లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.  పూలమ్మ సంతోషిని దగ్గరికి తీసుకుని, మా ఇంటి మేడమీదికే వచ్చినందుకు నీకు ఎన్నిసార్లు దండం పెట్టాలి బిడ్డా అంది.

చీకటి పడుతుంటే ఇద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు. చినుకులు మొదలయ్యాయి. ఎదురింట్లో ఎవరో పప్పుకు పోపు పెడుతున్నారు. రఘుపతి ఆ వాసన ఆసాంతం పీల్చి, ఆమెకు థాంక్స్ చెప్పాడు. విసుక్కోకుండా రోజూ పక్కన కూర్చున్నందుకు చెప్పాడు. మేనేజర్ దగ్గరకు పంపినందుకు చెప్పాడు. ఖమ్మం ఫోన్‌కు కూడా చెప్పాడు.

"ఇగ థాంక్స్ చెప్పుడు బంద్ చెయ్యి" అంది సంతోషి. అతన్ని ఆమె నువ్వు అనడం అదే మొదటిసారి.

సరేనన్నాడు. పైకి చెప్పడం మాత్రమే ఆపాడు.