గీత దాకా కొసరు

"మార్కర్లు చాలా తక్కువొచ్చాయి," అంది రాగసుధ.

"మార్కులా? ఎల్‌కేజీ పిల్లకు గింత జరంల పరీక్ష పెట్టిన్రా మేడమ్?" అన్నాడు అంజన్.

"మార్కులు కాదండీ, మార్కర్లు! మున్నీ యూరిన్‌లో చూసేవి."

బహదూర్‌పురా పిల్లల దవాఖాన. బయట వాన దంచుతోంది. లోపల అంజన్ వాళ్లన్న కూతురు మున్నీ ఒళ్లు కాలిపోతూ మూలుగుతోంది. అన్నా వదినా ఊళ్లో లేరు. పిల్లను అతని చేతిలో పెట్టి వెళ్లారు. ఎదురుగా తెల్లకోటులో ఉన్న రాగసుధేమో, శాలిబండలో అతను రోజూ పాలు పోసే మేడ మీది అమ్మాయి. కాకినాడ నుంచి వచ్చి ఈ ల్యాబ్‌లో రీసెర్చ్ చేస్తోంది. పాలు పోసే అంజన్‌కి ఏం చేయాలో పాలుపోవడం లేదు.

"కిడ్నీలో వాపుంటే కొన్ని ప్రొటీన్లు యూరిన్‌లోకి దిగుతాయి. అవే మార్కర్లు. క్రిమి ఏదో తేల్చే కల్చర్ రిపోర్టుకు రెండు రోజులు పడుతుంది, ఇవి ఇవాళే చెప్పేస్తాయి."

"తక్కువున్నయంటే మంచిదే గదా? ఇంటికి తోల్కపోవచ్చా?"

"డాక్టర్ గారు కూడా అదే అన్నారు. సిరప్ రాసి పంపేద్దామని. నేనే ఆపాను."

"ఎందుకు?"

"ఆరోగ్యంగా ఉన్నవాళ్ల యూరిన్‌లో ఉండాల్సినవి కూడా అందులో లేవు." గొంతు తగ్గించింది. "అంజన్ గారూ, నిజం చెప్పండి. నీళ్లు కలిపారా?"

పాలవాణ్ని అడగకూడని ప్రశ్న లోకంలో ఒక్కటే ఉంది. ఆమె అదే అడిగింది.

అంజన్ ముఖం విరిగిన పాలయింది. "ఏంది మేడమ్! మొన్న పాలు పలచగున్నయన్నరు, ఊకున్న. ఇప్పుడు పిల్ల ఉచ్చల నీళ్లు కలిపిన్నంటరా? మా బాపు కాలం నుంచి మా క్యాన్ల చుక్క నీళ్లు పడలే!"

"పాల గొడవ కాదండీ బాబూ, పిల్ల కిడ్నీ గొడవ! దాని మీద మచ్చ పడితే జన్మంతా పోదు. మళ్లీ శాంపిల్ కావాలి, మందు పడకముందే. పడిందంటే కల్చర్‌లో క్రిమి దొరకదు. డాక్టర్ గారు ఇంక ఆగనంటున్నారు."

కోపం అంజన్ గొంతులోనే ఇంకిపోయింది. మున్నీని బాత్‌రూముకి ఎత్తుకెళ్లాడు. రాగసుధ కొత్త సీసా మూత తీసి మోకాళ్ల మీద కూర్చుంది.

"వస్తలేదు కాకా," అని ఏడ్చింది పిల్ల.

సిరప్ సీసాతో నర్సు తలుపు దగ్గరికి వచ్చేసింది. "ఇంకొక్క నిమిషం సిస్టర్, ప్లీజ్!" రాగసుధ చెయ్యి అడ్డం పెట్టింది. బయట ఊరంతా కురుస్తోంది, కురవాల్సిన చోట మాత్రం చుక్క లేదు.

అంజన్ మున్నీ చెవిలో నోరు పెట్టి, బర్రెను పిండేటప్పుడు బకెట్లో పడే పాలధార చప్పుడు చేశాడు. "సుర్ర్... సుర్ర్... సుర్ర్..." రోజూ తెల్లారి ఆ పిల్ల నిద్ర లేచేది ఆ చప్పుడుకే.

మున్నీ కళ్లు మూసుకునే నవ్వింది. సీసాలో ధార పడింది.

మూత బిగిస్తూ రాగసుధ అతని వంక ఒక్క చూపు చూసింది. అంజన్ గుండెలో పాలు పొంగాయి. స్టవ్ కట్టేసే నాథుడు లేడు. ఆమె అప్పటికే ల్యాబ్ వైపు పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి ఆమె ముఖంలో నవ్వు లేదు. "మార్కర్లు బాగా ఎక్కువున్నాయి. ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కింది."

అంజన్ పాలిపోయాడు.

"టైముకు పట్టుకున్నాం, ఫికర్ వద్దు. అడ్మిట్ చేస్తున్నారు. సూదిమందు మొదలుపెడతారు. ఇంటికి తీసుకెళ్లుంటే భయపడాల్సొచ్చేది."

ఫికర్ అనే పాతబస్తీ మాట కాకినాడ అమ్మాయి నోట వినగానే అంజన్‌కి సగం ధైర్యం వచ్చింది.

అప్పుడే తడిసిన కొంగుతో, టిఫిన్ డబ్బాతో అతని తల్లి ఎల్లమ్మ వార్డులోకి వచ్చింది.

"పొద్దున శాంపిల్ ఎవరు పట్టారమ్మా?" అని అడిగింది రాగసుధ.

ఎల్లమ్మ నీళ్లు నమిలింది. "నేనే బిడ్డా. సీసా మీది గీత దాకా నింపి తేవాలన్నరు. పిల్లకు గింతే వచ్చె. కొలత తక్కువైతే గిరాకోళ్లు ఊకుంటరా? గందుకే జర నల్లా నీళ్లు కొసరు పోసిన."

వార్డంతా గొల్లుమంది. అంజన్ నెత్తి పట్టుకున్నాడు. "అమ్మా! మన ఇజ్జత్ తీసినవ్ గదనే! నీళ్లు కలుపుడు మనింట్ల ఉన్నదా?"

"ఉన్నది తియ్యరా, లొల్లి చెయ్యకు! ఆఖరి ఇంటికి రోజూ పాలు చాల్తలెవ్వని నువ్వే గులుగుతివి. పొద్దుగాల క్యాన్ల చెంబెడు నీళ్లు పోస్తున్న."

"చూశారా, పలచగున్నాయని నేనన్నది నిజమే!" అని, రాగసుధ అంజన్ వైపు తిరిగింది. "ఇంతకీ పాలెందుకు చాలట్లేదండీ?"

అంజన్ మున్నీ దుప్పటి సర్దాడు. సర్దిందే మళ్లీ సర్దాడు. "మీకే మేడమ్. రోజూ అరగ్లాస కొసరు పోస్తున్న."

"నేనడిగానా?"

"అడగలే. గిన్నె నిండంగనే లోపలికి పోతరు గదా. కొసరు పోస్తే ఇంక జరసేపు నిలబడ్తరని."

వార్డులో నవ్వులు ఆగిపోయాయి. నర్సు కూడా సిరంజి పట్టుకుని చెవులు రిక్కించింది.

రాగసుధ కిటికీలోంచి వాన చూసింది. తర్వాత ఎల్లమ్మను చూసింది. "రేపటి నుంచి క్యాన్‌లో నీళ్లు పోయకండమ్మా. మీ వాణ్ని కూడా కొసరు మానేయమనండి."

అంజన్ చేతిలోంచి దుప్పటి జారింది.

"గిన్నె నిండాక కూడా నిలబడతాను," అంది, అతన్ని చూడకుండా.

ఎల్లమ్మ తడిచేత్తోనే రాగసుధ నెత్తి నిమిరింది.