చిన్న హోదావాళ్లే ముందు

"ఆవిడ చెప్పేది నాకెందుకో మింగుడు పడట్లేదు, కెప్టెన్ గారూ. ఏదో ముంచుకొచ్చేలా ఉంది."

వైర్‌లెస్ ఆఫీసర్ ఆ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. ఆమె ఇద్దరు పిల్లల తల్లి. హోదాలో టీమ్ మొత్తానికీ చిన్నది, అయినా అందరూ వదినా అనే పిలుస్తారు. టైరు పంక్చరైనా శత్రువు పనే అని హడలిపోయే మనిషి.

ఎదురుగా కూర్చున్న నెమలి కాలు మీద కాలు వేసుకుని నవ్వింది. శత్రువుల ముఠాలో తిరుగుతూ వాళ్ల గుట్టు అందించే డబుల్ ఏజెంట్ ఆమె, నెమలి మారుపేరు. తెచ్చిన కబురు ఒక్కటే: రేపు కాల్పుల విరమణ మీద సంతకం చేయాల్సిన జనరల్‌ని ఇవాళ అకాడమీ హాల్లో లేపేస్తారు. బాంబు సెల్లార్‌లోని బూడిదరంగు కారులో ఉంది. జనరల్ పోతే సంతకం ఉండదు, యుద్ధం మళ్లీ మొదలవుతుంది.

"మీ వదినగారికి నేనంటే గిట్టనట్టుంది," అంది నెమలి.

అందరూ నవ్వారు. కెప్టెన్ కూడా నవ్వాడు.

ఆ టీమ్‌కి ఒక పద్ధతి ఉంది. బ్రీఫింగ్ చివర చిన్న హోదావాళ్లు ముందు మాట్లాడాలి, నాయకుడు ఆఖర్న. పెద్దాయన నోరు విప్పాక ఎవరూ కాదనరని కెప్టెనే పెట్టిన పద్ధతి. కానీ నెమలి ముందు, నలుగురినీ అడిగి నడిచేవాడిలా కనబడడం అతనికి నచ్చలేదు.

"మీకు అన్నిట్లోనూ కీడే కనబడుతుంది వదినా. ఇంత పిరికైతే ఇంటిపట్టునే ఉండాల్సింది. నేను పిలిచేదాకా లైన్లో మీ గొంతు వినపడకూడదు."

ఆమె తల వంచుకుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

గంట తర్వాత, జనరల్‌ని దగ్గరుండి కనిపెట్టుకోవడానికి కెప్టెన్ తెల్లగడ్డం అతికించుకుని, చేతికర్రతో వేదిక ఎక్కాడు. వేషం రిటైర్డ్ కల్నల్‌ది. ఉపన్యాసం 'యుద్ధం నేర్పిన నాయకత్వం'. కళ్లజోడు కాడలో రిసీవర్ ఉంది. మిగతావాళ్లు సెల్లార్‌లో కారు విప్పుతున్నారు, బయట వ్యాన్‌లో వదిన కెమెరాలు చూస్తోంది. ముందు వరుసలో జనరల్ కూర్చున్నాడు. నిర్వాహకురాలి వేషంలో నెమలి వచ్చి, జనరల్‌కి ఇవ్వాల్సిన జ్ఞాపిక పెట్టెను బల్ల మీద పెట్టి దిగిపోయింది.

"సార్, ఒక్క మాట..." చెవిలో వదిన.

కెప్టెన్ కళ్లజోడు సర్దుకుంటున్నట్టుగా మీట నొక్కి రిసీవర్ ఆపేశాడు.

"చరిత్రలో పెద్ద పెద్ద సైన్యాలు ఊరికే ఓడిపోలేదు," అన్నాడు గొంతు సవరించుకుని. "సేనాపతి గుడారంలో నిజం చెప్పే ధైర్యం ఎవరికీ లేక ఓడిపోయాయి. ఇవాళ పేపర్లలో చూస్తున్న ఓటములూ అంతే. అందుకే నా దగ్గర చిన్న హోదావాళ్లే ముందు మాట్లాడతారు."

చప్పట్లు మోగాయి. జనరల్ చెయ్యెత్తాడు.

"బాగుంది కల్నల్. మరి అలా మీ మాట కాదన్నవాళ్లెవరైనా ఉన్నారా? ఈమధ్య ఎప్పుడన్నారు?"

 కెప్టెన్‌కి అతికించిన గడ్డం కింద చెంపలు కాలిపోయాయి. పొద్దున తను అన్న మాట, నలుగురి నవ్వు, వంచుకున్న ఆ తల కళ్లముందు నిలిచాయి. అబద్ధం చెప్పడం అతని వృత్తి. ఈ ఒక్క అబద్ధం మాత్రం గొంతు దాటలేదు.

మీట నొక్కాడు. మైకులోనే అన్నాడు: "ఇవాళే అన్నారు సార్. నేనే నోరు మూయించాను. వదినా, చెప్పండి. వింటున్నాను."

ఉపన్యాసంలో భాగమనుకుని హాలంతా నవ్వింది.

"కారులో ఏమీ లేదు, మనవాళ్లు విప్పి చూశారు," గబగబా చెప్పింది వదిన. "పెట్టె పెట్టగానే నెమలి చెప్పులు చేత్తో పట్టుకుని పక్క గేటుకి పరుగు తీసింది. బాంబు పెట్టెలోనే ఉంది సార్. కిటికీ కింద కొలను రిపేరుకని ఖాళీ చేశారు, మనుషుల్లేరు. విసిరేయండి."

కెప్టెన్ పెట్టె అందుకున్నాడు. లోపల సన్నగా టిక్ టిక్. కర్ర పారేసి కిటికీ దగ్గరికి ఉరికి, బలమంతా పెట్టి విసిరాడు.

పెట్టె కొలను అడుగు తాకీ తాకకముందే పేలింది. అద్దాలు భళ్లున రాలాయి. జనరల్ కుర్చీ కిందనుంచి దుమ్ము దులుపుకుంటూ లేచాడు.

పక్క గేటు దగ్గర నెమలి దొరికిపోయింది. వదిన ఎవరినీ అడక్కుండానే వ్యాన్‌ని గేటుకి అడ్డంగా పెట్టేసింది.

హెడ్డాఫీసు నుంచి చీఫ్ ఫోన్ చేశాడు. "శెభాష్! స్టేజీ మీద ఆ వదిన నాటకం అదిరిందయ్యా. నాయకుడంటే నువ్వు."

"నాటకం కాదు సార్, తప్పంతా..." అప్పటికే లైన్ కట్టయింది. ఆ మెప్పు కెప్టెన్‌కి చెంపదెబ్బలా తగిలింది.

టీమ్ మొత్తాన్నీ వెంటబెట్టుకుని వ్యాన్ దగ్గరికి వెళ్లాడు. గడ్డం సగం ఊడి వేలాడుతోంది.

"నలుగురిలో అన్నాను వదినా, నలుగురిలోనే చెబుతున్నాను. పిరికివాణ్ణి నేను. ఆవిడ ముందు చిన్నబోతానని భయపడ్డాను. క్షమించండి."

వదిన స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చుంది. పొద్దున నవ్విన వాళ్లందరూ కాళ్లవైపు చూసుకున్నారు. ఫైరింజన్ వచ్చింది. గాజుపెంకులు ఊడ్చేశారు. జనరల్ కారు వెళ్లిపోయింది. కెప్టెన్ ఎండలో అలాగే నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని అతనివైపు తిరిగింది.

"క్షమాపణ సంగతి దారిలో చూద్దాం. బండి స్టార్టవట్లేదు కెప్టెన్ గారూ, వెనక్కెళ్లి తొయ్యండి."