సగంలో ఆగిన కుట్లు

తలుపు తీయగానే ఎదురుగా, కింది వాటాలో కొత్తగా దిగిన పశువుల డాక్టరు నిలబడి ఉన్నాడు. చేతిలో మూసిన పుస్తకం, ఎక్కడిదాకా చదివాడో మరిచిపోకుండా మధ్యలో చూపుడువేలు.

"మీ కుట్టు మిషన్ గురించి మాట్లాడదామని వచ్చినానండీ."

ఝాన్సీ నొచ్చుకుంది. ఆదివారం మధ్యాహ్నం, అందరూ కునుకు తీసే వేళ. "చప్పుడు ఎక్కువగా ఉందా? సారీ అండీ. ఇంక కుట్టనులెండి."

"అయ్యో, కుట్టండి! కుట్టేటప్పుడు నాకేం ఇబ్బంది లేదు. మీరు ఆపుతారు చూడండి, అప్పుడే."

"ఆపితే ఇబ్బందేంది?"

"గరగరమని మొదలవుతాది. సరే, ఏదో కుడుతున్నారులే అనుకుంటా. అంతలో టక్కున ఆగిపోతాది. మళ్ళీ మొదలుపెడతారేమో అని చెవి ఇటే పెట్టుకుని కూర్చుంటా. పెట్టరు. ఇంతకీ నేను ఈ ఇంటికొచ్చినాక ఒక్కటన్నా పూర్తయిందా అని అడిగి పోదామని."

వేళాకోళమాడుతున్నాడో, నిజంగానే అడుగుతున్నాడో తెలియలేదు. "అది మీకెందుకండీ?" అని ఝాన్సీ తలుపు వేసేసింది.

లోపల వంటింట్లోంచి తల్లి కామేశ్వరి పకపకా నవ్వింది. "ఆ మాట నేనడిగితే అరుస్తావు. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళు కూడా అడుగుతున్నారు. మొన్న వినుకొండ సంబంధం సంగతి కూడా ఇట్లనే చేసినావు. అవుననవు, కాదనవు. వాళ్ళు విసిగి వేరే చూసుకున్నారు."

ఝాన్సీ మిషన్ మీద మూత వేసేసింది. ఆమె మంచం కింద బట్టల దుకాణం వాళ్ళిచ్చిన పెద్ద సంచి ఒకటి ఉంది. అందులో కాలరు లేని చొక్కా, చేతులు లేని జాకెట్టు, ఒకవైపే అంచు మడిచిన కర్టెన్లు, అమ్మ పాత చీరలతో మొదలై దిండంత అయ్యాక ఆగిపోయిన బొంత. బట్ట కత్తిరించేటప్పుడు ఆమె చేయి వణకదు. మొదటి కుట్లు చక్కగా పడతాయి. బట్టకు ఓ ఆకారం వచ్చే వేళకు మాత్రం ఏదో పని గుర్తొచ్చి లేస్తుంది. ఆ తర్వాత అది సంచిలోకి పోతుంది. బళ్ళో మూడో తరగతి పిల్లలకు సగం రాసిన ఎక్కాలు మళ్ళీ రాయమని చెప్పే టీచరమ్మ తాను. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకే సిగ్గేసేది.

వారం తిరక్కముందే వాన వచ్చింది. నల్లమల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి మార్కాపురం బజారంతా ఒక్క దెబ్బకు తడిపేసింది. తర్లుపాడు ఆసుపత్రి నుంచి బండి మీద వచ్చిన డాక్టరు నిలువునా నీళ్ళు కారుతూ మెట్ల కింద నిలబడ్డాడు. తాళం చెవి ఎక్కడో పడిపోయినట్టుంది, జేబులన్నీ తడుముకుంటున్నాడు.

"పైకి రా నాయనా, కాఫీ తాగుదువు. మా దగ్గర ఇంకో తాళం చెవి ఉంది," అని కామేశ్వరి పిలిచింది.

కాఫీ తాగుతూ అతను మిషన్ పక్క మంచం కింద నుంచి బయటికి కనిపిస్తున్న సంచిని చూశాడు. ఝాన్సీ దాన్ని కాలితో మెల్లగా వెనక్కి నెట్టింది. అతను అదీ చూశాడు.

"నేనూ కుడతానండీ."

"మీరేం కుడతారు?"

"బర్రెల్ని."

ఝాన్సీకి నవ్వాగలేదు. అతను మాత్రం మామూలుగానే చెప్పాడు. "కంచె గీసుకుని తోలు చీలిపోయి వస్తాయి. నా కుట్లు మీ అంత అందంగా ఉండవు. కాకపోతే సగంలో లేస్తే బర్రె ఊరుకోదు. మీ గుడ్డలు పాపం ఏమీ అనవు."

"మీ పేరేంది డాక్టర్ గారూ?"

"నరసింహులు."

"మా తాతల కాలం పేరు!"

"మా తాత పేరే. గిద్దలూరు అవతల మా ఊళ్ళో ఇప్పటికీ పెద్దోళ్ళు నన్ను తాతా అనే పిలుస్తారు."

అట్లా మొదలైంది. ఆదివారం మధ్యాహ్నాలు అతను పైకి వచ్చేవాడు. కామేశ్వరి టీవీ ముందు కూర్చుని కందిపప్పు బాగుచేసుకునేది. ఝాన్సీ సంచిలోంచి ఒక్కటి తీసేది. దాన్ని ముగించేదాకా రెండోది తీయకూడదన్నది ఇద్దరి ఒప్పందం. వంకరపోయిన కుట్లు విప్పడం, గుండీలు కుట్టడం నరసింహులు పని. పశువుల వాసన పోవడానికి చేతులు తెగ రుద్దుకుని వచ్చేవాడు. సబ్బు వాసన గదంతా నిండేది. దారం ఎక్కిస్తూ అతను ఓరగా చూసేవాడు. ఆమె చూసేసరికి సూది కన్నంలోకి చూపు దించేసేవాడు.

"అసలెందుకు ఆపుతారు?" అని ఒకరోజు అడిగాడు.

"పూర్తయితే బాగుందో లేదో తేలిపోతాది గదండీ. సగంలో ఉన్నంతసేపూ బాగుంటాదనే అనుకోవచ్చు." ఆ మాట అనేశాక ఝాన్సీకే ఆశ్చర్యం వేసింది. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు.

అతను నవ్వలేదు. విప్పిన దారం వేలికి చుట్టుకుంటూ ఉండిపోయాడు.

ముందు కర్టెన్లు పూర్తయ్యాయి. తర్వాత ఒక చిన్న గౌను బయటికొచ్చింది. అక్క సుధారాణి కూతురి మొదటి పుట్టినరోజుకని ఎప్పుడో కత్తిరించినది. పసుపు రంగు, మెడ చుట్టూ కుచ్చు. ఝాన్సీ ఆ సాయంత్రమంతా వంచిన తల ఎత్తకుండా కుట్టింది. చివరి దారం కొరికి, రెండు చేతులతో పైకెత్తి చూసుకుంది. గౌను ముద్దుగా ఉంది. ఆ పాప ఇప్పుడు గిద్దలూరులో యూకేజీ చదువుతోంది. దాని చెయ్యి కూడా ఇందులో పట్టదు.

"నేను చేసేదాకా అది ఆగుతుందనుకున్నానండీ," అంటుంటే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పోనీలెండి అనలేదతను. "ఈ వీధిలో ఏడాది పిల్ల ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాడు.

ఎదురింటి నాగలక్ష్మి కూతురికి గౌను సరిగ్గా సరిపోయింది. తొడిగీ తొడగకముందే ఆ పిల్ల కుచ్చును నోట్లో పెట్టుకుని చప్పరించి, ముందంతా చొంగ చేసింది. ఝాన్సీ ఏడుపు మరిచిపోయి నవ్వింది. గుమ్మంలో నిలబడిన నరసింహులు గౌనును చూడటం లేదని నాగలక్ష్మి ఒక్కతే కనిపెట్టింది.

కాలరు లేని చొక్కా నాయనది. హనుమంతరావుకు బజారులో స్టీలు సామాన్ల దుకాణం. ఆ గుడ్డ ఎప్పుడు కొన్నారో కూడా ఆయన మరిచిపోయాడు. కాలరు ఒక కొస కొంచెం పొడవైంది. ఝాన్సీ మళ్ళీ విప్పబోతే నరసింహులు చొక్కా లాక్కుని కామేశ్వరి చేతికిచ్చేశాడు. మరునాడు అది తొడుక్కుని పోయి, రాత్రి దుకాణం కట్టి వచ్చిన హనుమంతరావు, "అందరూ యాడ కుట్టించినావని అడిగినారు. మా అమ్మాయని చెప్పినా," అన్నాడు. కాలరు సంగతి ఎవరూ ఎత్తలేదట.

శ్రావణం చివర్లో ఒక సాయంత్రం, చినుకులు మొదలై ఝాన్సీ మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే అతను వచ్చి సాయం పట్టాడు. బట్టలన్నీ భుజం మీదికి వచ్చాక కూడా ఇద్దరూ కిందికి దిగలేదు.

"నాకు కనిగిరి ట్రాన్స్‌ఫర్ అయింది. ఈ వారంలో పోవాల. పోయేముందు ఒక మాట అడగాల." "నన్ను పెండ్లి చేసుకుంటావా ఝాన్సీ? మాది వ్యవసాయం ఇల్లు, మీరు వ్యాపారస్థులు. మీవాళ్ళు ఒప్పుకోవటం కష్టమే, తెలుసు. నీకిష్టమైతే వచ్చి మీ నాయనను నేనే అడుగుతా."

ఝాన్సీ భుజం మీది బట్టల్ని రెండు చేతులా అదుముకుంది. చెప్పాలనుకున్నది నాలుక చివరే ఉంది. "నేను... ఆలోచించుకుంటా," అంది.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. "ఆలోచించుకో. కాదన్నా పర్లేదు, నేను తట్టుకుంటా. నన్ను మాత్రం ఆ సంచిలో పెట్టొద్దు."

ఆ మాటకు ఆమెకు కోపం వచ్చింది. అతను సామాను ఆటోలో ఎక్కించే రోజు కిందికి కూడా దిగలేదు. ఆ కోపం అతని మీద కాదు, తన మీదేనని తెలుసుకునేసరికి వినాయక చవితి దాటిపోయింది.

ఒక మధ్యాహ్నం బడి వదలగానే నేరుగా దుకాణానికి పోయింది. బేరాలు పలచగా ఉన్నాయి. హనుమంతరావు గుడ్డతో బిందెలు తుడుస్తున్నాడు.

"నాయనా, నాకు ఆ డాక్టరంటే ఇష్టం. పెండ్లి చేసుకుంటా."

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. "మనవాళ్ళు కాదు గదమ్మా."

"కాదు."

"బంధువులు నాలుగు మాటలంటారు."

"అంటారు."

అంతలో ఒకావిడ వచ్చి ఇడ్లీ పాత్ర అడిగింది. ఆయన రెండు మూడు దించి చూపించాడు, బేరం కుదరలేదు, ఆవిడ వెళ్ళిపోయింది. ఝాన్సీ కదల్లేదు. నాయన ఆ పాత్రల్ని ఒకదానిలో ఒకటి పేర్చి, మళ్ళీ అరలో పెట్టి, ఆమె వైపు తిరిగాడు.

"ఇన్ని సంబంధాలు తెచ్చినా నీ నోట్లోంచి ఇష్టమనే మాట వినలేదమ్మా నేను. వింటానని కూడా అనుకోలా." "మీ అమ్మకు నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?"

ఇద్దరూ కలిసే చెప్పారు. కామేశ్వరి ఏడ్చింది, రెండు పూటలు అన్నం తినలేదు. తర్వాత వంటింట్లోంచే, ఎవరి వైపూ చూడకుండా, "వాళ్ళింట్లో కోళ్ళు కోస్తారేమో!" అంది.

అమ్మ పూర్తిగా మెత్తబడ్డాక కబురు చేద్దామని ఝాన్సీ మొదట అనుకుంది. మరునాడు పొద్దున్నే కనిగిరి బస్సెక్కింది.

పశువుల ఆసుపత్రి ముందు వేపచెట్టు కింద నరసింహులు ఒక మేక తల చంకలో ఇరికించుకుని, దాని నోట్లో మందు పోయడానికి తంటాలు పడుతున్నాడు. మేక యజమానురాలు ఎల్లమ్మ పక్కన నిలబడి సలహాలిస్తోంది. ఝాన్సీని చూసి అతను మేకను వదల్లేక, నిటారుగా నిలబడలేక, అట్లాగే వంగి ఉండిపోయాడు.

"ఆలోచించుకుంటానని ఆరోజు అబద్ధం చెప్పినా," అంది ఝాన్సీ. వచ్చేదారంతా కూడబలుక్కున్న మాటలు ఇవి కావు. "ఆలోచించేదానికి ఏం లేదు. చెప్పేదానికే భయం. నాయన సరేనన్నాడు. అమ్మ ఇంకా అనలా. అంటుందో లేదో కూడా తెలీదు. నాకు భయం కూడా పోలా. అయినా వచ్చినా. నేను నిన్నే చేసుకుంటా."

అతని ముఖం చెవులదాకా విచ్చుకుంది. మందు సీసా వంగి సగం చొక్కా మీద పోసుకున్నాడు.

"మీ అమ్మ కాడికి మా అమ్మను తీసుకొస్తా. ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వస్తాం," అన్నాడు చివరికి.

"వాళ్ళింట్లో కోళ్ళు కోస్తారా అని అమ్మ అడుగుతోంది."

"కోస్తారు. నీ వంట నేనే వేరుగా చేస్తానని చెప్పు."

ఎల్లమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "బాగుంది నాయనా! పెండ్లికి నన్నూ పిలవండి, వస్తా. ముందు నా మేక సంగతి చూడు, పొద్దున్నుంచి గడ్డి ముట్టలేదు అది. అమ్మాయ్, ఊరికే నిలబడినావేంది? ఆ వెనక్కాళ్ళు పట్టుకో."

ఝాన్సీ చున్నీ నడుముకు బిగించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, మేక కాళ్ళు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.