వడకట్టని నిద్ర

చివరి కుట్టు వేసి, దారాన్ని పళ్ళతో తెంపి, అలివేలు బొంతను తూనికబల్ల మీద పరిచింది. గోడలోంచి, బేరాలు నడిపే మధ్యస్థం గొంతు సవరించుకుంది. దానికి గొంతు లేదు. సవరించుకోవడం మాత్రం ఎవరో నేర్పారు.

"గౌరవనీయులైన తెల్లజిల్లేడు గారూ, కట్టుసాక్ష్యం ఆరంభించవచ్చునా?"

"కానీ."

తెల్లజిల్లేడు ఆమెకు మధ్యస్థం కేటాయించిన మారుపేరు. అమ్మేవాళ్ళ పేరు కొనేవాళ్ళకీ, కొనేవాళ్ళ ఊరు అమ్మేవాళ్ళకీ తెలియకపోతేనే ఇద్దరికీ క్షేమమని నియమం. పక్కవాటాలో పూసలు గుచ్చే కాసులమ్మకు రాజహంస అని వచ్చింది. ఆ సంగతి అలివేలు మనసులో పెట్టుకోలేదు. అప్పుడప్పుడు తీసి చూసుకునేది, అంతే.

సరుకు కట్టేముందు కొనేవాళ్ళు చూసుకోవడానికి, బల్ల పైనున్న కంటికి బొంతను అటూ ఇటూ తిప్పి చూపించింది. కుట్లు, మూలలు, అంచులు. నేరేడుపండు రంగు చీర ముక్క మీద ఒక పాత కాలిన మచ్చ ఉంటే, దాన్ని వేలు పెట్టి మరీ చూపించింది. ముందు చూపించిన మచ్చ మచ్చే. తరువాత బయటపడితే తగాదా. పెళ్ళిచూపుల్లో కూడా ఈ పద్ధతి ఉంటే ఎన్ని సంసారాలు బాగుపడేవో అనుకుంది.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి ఆమె భర్త గవర్రాజు వచ్చాడు. ఒంటి మీద ఉప్పునీటి మిల్లు చొక్కా, చేతిలో రెండు డబ్బాలు.

"అలివేలూ, ఆవాలూ గసగసాలూ ఒకే వరసలో ఎందుకున్నాయి?"

"సాక్ష్యం నడుస్తోందండీ. లోపలికి వెళ్ళండి."

"వెళ్తాను. కానీ వీటికీ వాటికీ ఏం సంబంధమని?"

నిద్ర లేని మనిషి కంటే అతనున్న ఇల్లు తొందరగా అలిసిపోతుంది. ఉప్పాడ ఊరు సముద్రంలోకి వెళ్ళిపోయాక, దాని నెత్తిన లేచిన ఈ స్తంభాలవాడలో వాటా తీసుకోవడానికి గవర్రాజు తన నిద్రను తాకట్టు పెట్టాడు. తల ఆనించగానే వచ్చిన నిద్ర వచ్చినట్టే దిండులోంచి జారి పై అంతస్తుల పడకల్లోకి పోతుంది. ఆయనకు మిగిలేది రేషను కునుకు. నిండు నిద్ర ఎప్పుడైనా పట్టిందంటే అది అలివేలు బొంతలకు వెలగా కొన్నవాళ్ళు ఇచ్చిందే. ఆమె నిద్ర ఆయనకు ఇద్దామంటే పనికిరాదు. రక్తానికి ఉన్నట్టే నిద్రకూ గుంపులున్నాయి. ఇన్నేళ్ళు కాపురం చేసినా ఇద్దరి గుంపులూ కలవలేదు. ఆ సంగతి బయటపడినప్పుడు అలివేలుకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు.

ఇప్పుడు మాత్రం పరిహాసానికి వేళ కాదు. గోడలు అలల్లా కదులుతున్నాయని గవర్రాజు చెబితే మిల్లు వైద్యుడు కళ్ళలోకి దీపం వేసి చూశాడు. ఈ వారంలోగా ఒక నిండు నిద్ర పడకపోతే చూపు అలాగే ఉండిపోతుందన్నాడు. ఈ బొంత అడిగిన మనిషి నిద్ర ఆయన గుంపుదే. అందుకే అలివేలు మిగతా పనులు పక్కన పడేసి దీని మీదే కూర్చుంది.

అడిగిన మనిషి మారుపేరు నీటికోడి. తన దగ్గరున్న పాత చీరలు పంపించి, వీటితో బొంత కుట్టిపెట్టమంది. ఇంతకు మించి మాటలకు మధ్యస్థంలో చోటు లేదు. సరుకును యంత్రపు కొంగ పట్టుకుపోతుంది. నిద్ర మధ్యస్థం చేతిలో ఉంటుంది. అక్కడ కప్పుకుని ఒప్పుకుంటే ఇక్కడ విడుదల. ఒప్పుకోలు రాకముందే వాడుకునేది పచ్చి నిద్ర. ఆ ముచ్చటా అయింది: పోయిన వానాకాలంలో తొందరపడి గవర్రాజుకు పచ్చి నిద్ర పెడితే, కొన్నావిడ రంగు నచ్చలేదని ఫిర్యాదు చేసింది. మధ్యస్థం వెనుమెలకువ పెట్టి, ఇచ్చిన నిద్రను వెనక్కి లాగేసుకుంది. ఆయన సగం గురకలో లేచి కూర్చుని, మిగతా సగం ఏమయిందని రోజంతా అడిగాడు.

కట్టుసాక్ష్యం నీటికోడికి వెళ్ళింది. అలివేలు బొంతను తామరపొరలో చుట్టి, ముద్ర వేయించి, కిటికీ దగ్గర పెట్టింది. బయట కొంగలు రెక్కలు కదపకుండా ఎండలో తేలుతున్నాయి. ఒక్కటీ దిగలేదు.

"తెల్లజిల్లేడు గారూ, విచారిస్తున్నాము," అంది మధ్యస్థం. "నీటికోడి గారి నిద్ర వడపోతలో నిలవలేదు."

"అంటే?"

"నిద్రలోంచి కల విడిపోలేదు. కల విడిపోని నిద్ర చెల్లదు. తిప్పి పంపించాము. కోరి చేయించుకున్న వస్తువు అన్యుల పాలు కాకుండుటకు, రేపు సాయంత్రంలోగా తమరు దానిని విప్పి గుడ్డముక్కలుగా అప్పగించవలెను."

"కుట్టినదాన్నే విప్పాలా?"

"తమ చేతి కుట్లు తమకే సులువుగా విడిపోవును."

మెచ్చుకోలు కూడా దీని నోట్లో ఇలాగే వస్తుంది, అనుకుంది అలివేలు.

మరునాడు మధ్యాహ్నం కత్తెర పట్టుకుని కూర్చుంది. ముద్ర తీసి, ఒక మూల వెతికి, ఒక కుట్టు కింద కత్తెర మొన పెట్టింది. సముద్రం వెలుగు గది కప్పు మీద నీళ్ళలా ఆడుతోంది. గవర్రాజు గోడ పట్టుకుని నెమ్మదిగా నడిచొచ్చాడు.

"ఈ గది నిజంగానే ఊగుతోందా, లేక నాకేనా?"

"సగం నిజం," అంది. "కూర్చోండి."

అప్పుడు తలుపు తట్టారు.

ఆ వాడలో తలుపు తట్టడమనేది లేదు. కావలసినవన్నీ కిటికీలోంచి వస్తాయి. ఇద్దరూ తలుపు వైపు, అది గోడలోంచి ఇప్పుడే మొలిచినట్టు చూశారు. అలివేలు వెళ్ళి తీసింది. నలభై దాటిన ఆవిడ, కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి, తువ్వాలులో చుట్టిన పలకలాంటిదేదో గుండెకు హత్తుకుని నిలబడి ఉంది.

"తెల్లజిల్లేడు గారిల్లు ఇదేనాండి?"

ఆ పేరు మనిషి నోట వినేసరికి అలివేలుకు నిజంగానే తెల్లజిల్లేడులా అనిపించింది. "మీరు?"

"నీటికోడినండి. హైమావతి అంటారు. కాకినాడ నుంచి లాంచీలో వచ్చాను."

"హెచ్చరిక," అంది మధ్యస్థం. "కొనుగోలుదారు, అమ్మకందారు ఒకే గడపకు చేరి ఉన్నారు. ఇట్టి సందర్భము ఏర్పాటులో లేదు. దయచేసి ఒకరు వెనుకకు జరగండి."

ఎవరూ జరగలేదు.

"మా చిరునామా ఎవరిచ్చారు?" అంది అలివేలు.

"మీవారేనండి. సాక్ష్యంలో అలివేలూ అని పిలిచారు కదా. ఒంటి మీద మిల్లు చొక్కా ఉంది. మిల్లు దగ్గర దిగి, అలివేలు గారి భర్త ఎవరని అడిగితే, ఆవాల గురించి అందరినీ ప్రశ్నలు వేసే ఆయనేనా అన్నారు."

అలివేలు వెనక్కి తిరిగి చూసింది. గవర్రాజు కప్పు వైపు చూస్తున్నాడు.

హైమావతి తువ్వాలు విప్పింది. లోపల దూదిపలక, కొద్దిగా బరువెక్కి, లేతనీలంగా ఉంది. "నా నిద్రేనండి. తిప్పి పంపించారు. దీన్ని నేరుగా మీకిచ్చేస్తాను, బొంత నాకిచ్చేయండి. అవి మా అమ్మ చీరలు. ఇల్లంతా వెతికినా ఇంకొకటి లేదు."

"నేరుగా ఇచ్చెదమనువారిని నమ్మరాదు," అంది మధ్యస్థం. "దూరము నుండి వచ్చితిమనువారిని, తల్లిని గూర్చి చెప్పువారిని ప్రత్యేకముగా నమ్మరాదు."

అది చెప్పేదాంట్లో అబద్ధం లేదు. ఇలాంటి మాటలకే కాసులమ్మ మూడు పేటల హారం పోగొట్టుకుంది. అలివేలు బొంత తెచ్చి, నేరేడు రంగు ముక్క మడత విప్పింది.

"ఈ కాలిన మచ్చ ఎలా వచ్చిందండీ?"

హైమావతి దాన్ని చూసింది. వేలితో తడిమింది. చాలాసేపు ఆలోచించింది.

"తెలీదండి," అంది చివరికి. "అడగాల్సింది. అడగలేదు."

మోసగాళ్ళకు కథల కొరత ఉండదు. ఒక్క మచ్చకు ఒక్క అబద్ధం అల్లలేని మనిషి ఏం మోసం చేస్తుంది, అనుకుంది అలివేలు. కానీ నమ్మడం వేరు, ఇవ్వడం వేరు.

"తెల్లజిల్లేడు గారూ," మధ్యస్థం గొంతు పెంచింది. "బయటి మార్పిడి జరిగినచో తమ ఖాతా మూతపడును. ఈ వాటాకు ఇకపై ఏ నిద్రా చేరదు. వడకట్టని నిద్రలో పరాయి కల ఉండును. పరాయి కలలోనికి వెళ్ళినవారు తమ పేరుతో తిరిగి రాకపోవచ్చును."

 గవర్రాజు కుర్చీ వెతుక్కుని, అది లేని చోట కూర్చోబోయి, మళ్ళీ నిలబడ్డాడు.

"పరాయిదైతే ఏమే," అన్నాడు మెల్లగా. "నా సొంతవి ఎలా ఉండేవో మరిచిపోయి ఎన్నాళ్ళయింది. కల అంటే రంగుల్లో ఉంటుందా అసలు?"

"ఒక మాట చెప్పాలండి," అంది హైమావతి, నేల చూస్తూ. "అందులో మా అమ్మ ఉంటుంది. రోజూ వస్తుంది. అందుకే అది విడిపోలేదు. ఆవిడ నోరు అంత మంచిది కాదు. మీవారిని ఏమైనా అంటుందేమో."

"అననివ్వండి," అంది అలివేలు. "నేను అనీ అనీ అలిసిపోయాను."

కత్తెర తీసి గూట్లో పెట్టింది. బొంతను రెండు చేతులా ఎత్తి హైమావతి చేతుల్లో ఉంచింది. గోడలో తెల్లగా వెలిగే చుక్క ఒకటి ఆరిపోయింది. ఖాతా అంటే అంతే, ఒక చుక్క.  అలివేలు చేయి వెనక్కి తీసుకోలేదు. దూదిపలక అందుకుని, గవర్రాజును పడక మీద పడుకోబెట్టి, తాకట్టు దిండు లాగేసి, ఆ పలకను మెడ కింద పెట్టింది.

ఆయన ఏదో అడగబోయాడు. అడగకుండానే కళ్ళు మూతపడ్డాయి.

లేతనీలం పలకలోంచి మెడకు, మెడలోంచి చెంపలకు పాకి, చర్మంలో కలిసిపోయింది. నుదుటి మీది ముడతలు ఒక్కొక్కటే చదునయ్యాయి. హైమావతి బొంత ఒళ్ళో పెట్టుకుని పడక పక్కనే నేల మీద చతికిలబడింది. అలివేలు ఇంకో పక్కన కూర్చుని ఆయన పెదవుల వైపే చూస్తోంది.

"అక్రమ నిద్ర గుర్తించబడినది," అంది మధ్యస్థం. "వెనుమెలకువ ఆరంభిస్తున్నాము."

అలివేలు ఆయన భుజం మీద చేయి వేసింది. ఏమీ జరగలేదు. గోడ లోపల ఏదో తిరిగి ఆగింది.

"లాగుటకు ఏమియు దొరకడం లేదు," అంది మధ్యస్థం, కొంత తగ్గి. "ఇది మా గుండా వచ్చినది కాదు. దయచేసి తమరే లేపండి."

"నువ్వే లేపుకో," అంది అలివేలు. "మెల్లగా మాట్లాడు. ఆయన పడుకున్నారు."

మధ్యస్థానికి మెల్లగా మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. అది మాట మానేసింది. పక్కవాటా గోడలో కాసులమ్మతో ఏదో చెబుతున్న గొంతు కూడా మధ్యలో ఆగింది. పైవాటాలో, ఆ పైవాటాలో, ఒకదాని వెనుక ఒకటిగా గోడలన్నీ ఊరుకున్నాయి. వాడ పుట్టాక అంత నిశ్శబ్దం ఇదే మొదలు.

గవర్రాజు పెదవులు కదిలాయి.

"నేనాండి?" అన్నాడు, నిద్రలో, బాగా చిన్నవాడి గొంతుతో. "అలివేలు వాళ్ళాయన్నండి."

 పేరు చెప్పమంటే పెళ్ళాం పేరు చెప్పాడు. ఫరవాలేదు, తిరిగొచ్చే దారి తెలుసు, అనుకుంది అలివేలు.

"కడుక్కునే వచ్చానండి చేతులు," అన్నాడు ఆయన. కాసేపాగి, "ఆఁ. రెండు చేతులూ."

"అమ్మే," అంది హైమావతి. 

గవర్రాజు చేతులు దుప్పటి మీంచి లేచి, గాలిలో దేన్నో అందుకుని, గుండె దగ్గర పిడికిళ్ళు బిగించాయి. "పట్టుకున్నానండి," అన్నాడు. "గట్టిగానే పట్టుకున్నా."

హైమావతి మోకాళ్ళ మీద లేచింది. ఆ పిడికిళ్ళ వైపే చూస్తూ, వాటికి అడ్డం రాకూడదన్నట్టు కాస్త వెనక్కి జరిగింది.

"ఏమిటండీ అది?" అంది అలివేలు గుసగుసగా.

"చీరండి. డాబా మీద ఆరేసిన చీర. ఒక కొస పట్టుకుని నిలబడి ఉంటుంది అమ్మ. మడత పెట్టాలి, రెండో కొస పట్టుకోవే అని రోజూ అరుస్తుంది. గాలికి అది ఎగురుతూనే ఉంటుంది. నాకు ఒక్కసారీ అందలేదు."

పిడికిళ్ళు అటు నుంచి ఎవరో లాగినట్టు ఒకసారి ముందుకు వంగి, బిగిసి, నిలదొక్కుకున్నాయి. గోడలోంచి, ఎప్పుడూ లేనంత చిన్నగా, ఒక ప్రశ్న వచ్చింది.

"ఇప్పుడు ఏమి జరుగుతున్నది?"

అలివేలుకు దానికి బదులు చెప్పబుద్ధి కాలేదు. హైమావతి చెప్పింది, గోడకు కాదు, అక్కడున్న అందరికీ.

"చీర సగానికి వచ్చింది. ఇప్పుడు కొసలు కలపడానికి ఆయన అమ్మ దగ్గరికి నడవాలి."

దుప్పటి కింద గవర్రాజు పాదాలు, ఒకటి తరువాత ఒకటి, మెల్లగా కదలడం మొదలుపెట్టాయి.