తొలి ముక్క మింగినవాడు

1963. జగ్గయ్యపేటలో బస్సు దిగేసరికి ఏజెంట్ వరప్రసాదరావు చేతిలో ఉన్న పెట్టుబడి స్వల్పం. గోనెసంచుల వ్యాపారి వేషం, సంచులు కుట్టే దబ్బనం, నడుముకు పిస్తోలు. వీటితోపాటు చచ్చిపోయిన స్నేహితుడి ఉద్యోగం.

ఆ స్నేహితుడు కృపారావు కూడా సీక్రెట్ సర్వీస్ మనిషే. ఊరి బయట సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో, ఆస్‌బెస్టాస్ అనే రాతినార చీల్చే యంత్రంలో అతని శవం దొరికింది. ముఖం మిగల్లేదు.

బయల్దేరేముందు బెజవాడలో చీఫ్ జ్ఞానయ్య బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు.

"ఆ నార విదేశాల నుంచి వస్తుంది. దాని దుమ్ము పీల్చి కూలీల ఊపిరితిత్తులు బిగుసుకుపోతున్నాయి. డాక్టర్ భారతీదేవి ఎక్స్‌రేలు పోగుచేసింది. బుధవారం షెడ్డులో గాలిని కూడా కొలిస్తే రుజువు పూర్తి. నార అమ్మే ముఠా ఆమెను చంపటానికి మనిషిని పంపింది."

"లోపల మనవాళ్ళు?"

"మేనేజరు స్టెనో పుష్పవతి. రెండువైపులా జీతం తీసుకుంటోందని అనుమానం. బేరం నువ్వే చూసుకో."

బుధవారం ఫ్యాక్టరీ గేటు దగ్గర నైలాన్ చీర, నల్లకళ్ళద్దాలు ఎదురయ్యాయి. సెంటు వాసన గుప్పుమంది.

"గోనెలు తడిసినవా శెట్టిగారూ?"

"ఎండబెట్టే తెచ్చామండీ."

కోడ్ సరిపోయింది. పుష్పవతి గొంతు తగ్గించింది. "వాడు పొద్దున కూలీగా లోపలికొచ్చాడు. మొహం నాకూ తెలీదు."

తెలిసినా లాభం లేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే బయటికొచ్చిన కూలీలంతా ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నారు. జుట్టు, కనుబొమలు, కనురెప్పలు అన్నీ తెల్లదుమ్మే.

కూలీల్లో పెద్దది లూర్దమ్మ బుట్టలోంచి బెల్లం పంచుతోంది. దుమ్ములో పనిచేసేవాళ్ళకు బెల్లం గొంతు కడుగుతుందని అక్కడి నమ్మకం. తొలి ముక్క నమిలి ఉమ్మేస్తారు. రెండోదే మింగుతారు. ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు.

ఒకడు తొలి ముక్క గుటుక్కున మింగాడు.

"ఏందయ్యో, దుమ్ముతో సహా మింగావు? ఏ ఊరు నీది?" అంది లూర్దమ్మ.

"చందర్లపాడు."

"మా మరిదిదీ ఆ ఊరే. వాడు ఉమ్మితే గోడ తడుస్తుంది! నీకు మీ అమ్మ ఉమ్మటం నేర్పలేదా?"

అందరూ నవ్వారు. వాడూ నవ్వి, ఖాళీ షెడ్డులోకి జారుకున్నాడు. వరప్రసాదరావు వెంట పరుగెత్తాడు.

లోపల ఎక్స్‌రేల సంచి భుజాన వేసుకుని, ఆగిన యంత్రం నోటి మీదికి వంగి డాక్టర్ భారతీదేవి గాలి కొలుస్తోంది. హంతకుడి చెయ్యి స్విచ్చు మీద ఉంది. గురి చూస్తే మధ్యలో డాక్టరే అడ్డం. పిస్తోలు పనికిరాదు.

స్విచ్చు పడింది. యంత్రం గర్జించింది. ఆమె కోటు చెయ్యి ఇనుపపళ్ళకు చిక్కింది.

వరప్రసాదరావు ఉరికి పొడిచిన దబ్బనం హంతకుడి అరచేతిలోంచి దూసుకెళ్ళి స్విచ్చు చెక్కబోర్డులో దిగింది. వాడి రెండో చేతి కత్తి వరప్రసాదరావు వేళ్ళు రెండు తెంచింది. పిస్తోలు ఎగిరిపోయింది. వరప్రసాదరావు భుజంతో గుద్దాడు. చెయ్యి చీల్చుకుని హంతకుడు బెల్టు మీద పడ్డాడు. మెడలో తువ్వాలు బెల్టుకు చుట్టుకుంది. కేక సగంలో తెగింది. తెల్లనార ఎర్రబడింది.

వరప్రసాదరావు నెత్తురోడే చేత్తోనే స్విచ్చు లాగి యంత్రం ఆపాడు. డాక్టరు మోచేతికీ ఇనుపపంటికీ మధ్య వెంట్రుకవాసి మిగిలింది.

"ఎక్స్‌రేలు ఇటివ్వండి డాక్టరమ్మగారూ." గుమ్మంలో పుష్పవతి, చేతిలో రివాల్వరు. "సారీ శెట్టిగారూ. మీరు గెలిస్తే మీవైపు ఉందామనే చెప్పా. గెలిచారు కానీ, తీరా చూస్తే వాళ్ళ బేరమే మెరుగు."

"కొట్టులో సరుకు చూసుకోకుండా బేరమేంటమ్మా?" అంటూ వరప్రసాదరావు కాళ్ళ దగ్గరున్న ఖాళీ గోనె అందుకుని ఆమె మొహం మీదే దులిపాడు. దుమ్ము మేఘంలా లేచింది. ఆమె దగ్గుతూ పేల్చిన గుండు పైరేకుకు తగిలింది. మరుక్షణం ఆమె మణికట్టు విరిగిన చప్పుడు వినిపించింది.

పుష్పవతి చెప్పిన ఆచూకీతో నందిగామ బంగళాలో దాక్కున్న ముఠా సాయంత్రానికల్లా దొరికింది. షెడ్డుకు తాళం పడింది.

బెజవాడ ఆస్పత్రిలో చీఫ్ మంచం పక్కన కూర్చున్నాడు. "చివరికేం మిగిలిందోయ్?"

"డాక్టరమ్మ ప్రాణం, ఆవిడ రుజువులు. ఖర్చు కింద కృపారావు, నా వేళ్ళు."

భారతీదేవి స్టెతస్కోపు అతని ఛాతీ మీద పెట్టింది. "ఆ గోనె దులిపినప్పుడు మీరూ పీల్చారు. ఈ జబ్బు ఇప్పుడే బయటపడదండీ. ఏటా వచ్చి ఎక్స్‌రే తీయించుకోవాలి."

వరప్రసాదరావు చీఫ్ వైపు తిరిగాడు. "అయితే నికరలాభం ఎంతో, ఏటేటా ఆవిడే చెబుతారు సార్."