మాస్టర్ సీడీలో మరణశాసనం

"ఈ మధ్యాహ్నం ఒక పాటల సీడీ తయారవుతుంది. అది ఉన్నదున్నట్టు షాపుల్లోకి వెళ్తే నీ బావమరిది బతకడు" అన్నాడు చీఫ్.

ముంగిస చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టేశాడు. పాముల్లాంటి మనుషుల్ని పట్టడంలో మొనగాడని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది. అతని భార్య తమ్ముడూ ఏజెంటే, కోడ్‌నేమ్ పిచ్చుక. శత్రుదేశంలో ఎక్కడో నక్కి ఉన్నాడు. ఆవిడ మాత్రం తమ్ముడు షిప్పింగ్ కంపెనీలో గుమాస్తా అనుకుంటోంది, పాపం.

"పిచ్చుక దాక్కున్న అడ్రస్ లీకైంది. పోస్టు, ఫోను, ఎయిర్‌పోర్టు అన్నీ బిగించేశాం. అందుకని ఇక్కడున్న శత్రువుల ముఠా దాన్ని ఒక పాటలో దాచింది. చెవికి వినపడదు. అక్కడివాళ్ళు షాపులో సీడీ కొని మెషీన్‌లో పెడితే అడ్రస్ బయటికొస్తుంది."

"సీడీ ఆపేస్తే పోలేదా సార్?"

"ఆపితే ఇంకో దారి వెతుక్కుంటారు. సీడీ కోసం ఎదురుచూసినన్నాళ్ళూ కదలరు. ఈలోగా పిచ్చుక సరిహద్దు దాటేస్తాడు. సీడీ వెళ్ళాలి, అడ్రస్ వెళ్ళకూడదు. పాట సౌండ్ పిసరంత పెంచినా దాచింది చెదిరిపోతుందని మన లాబ్ తేల్చింది. అది స్టూడియోలోనే జరగాలి. డిస్క్ తీసుకెళ్ళే జీపువాడు ముఠా మనిషి."

"దాచిందెవరు?"

"మాస్టరింగ్ ఇంజనీర్. పాటకి చివరి మెరుగులు దిద్ది ఫ్యాక్టరీకి పంపేది అతనే. పాడినావిడ మన మనిషి, సీడీ సంగతి మన చెవిన పడ్డాక అతని పేరు తనే చెప్పింది. డిస్క్ వెళ్ళిపోయాక అతన్ని పట్టుకుంటే కేసు గట్టిగా ఉంటుందని సలహా కూడా ఇచ్చింది. లాబ్ సంగతి ఆవిడకి చెప్పలేదు. అక్కర్లేనివాళ్ళకి చెప్పడం నా అలవాటు కాదు."

లాబ్‌వాళ్ళు ముంగిసకొక పెన్ను ఇచ్చారు. నొక్కితే మత్తు సూది దూసుకెళ్తుంది. రాయమంటే మాత్రం రాయదు.

గంట తిరక్కుండా ముంగిస ఏసీ మెకానిక్ వేషంలో స్టూడియోలో ఉన్నాడు. గోడలన్నిటికీ మెత్తటి స్పాంజి. మనిషెత్తు స్పీకర్ల మధ్య కంప్యూటర్, దాని మీద సన్నటి తీగలా పాట సౌండ్‌ని చూపించే గీత. దాని ముందు గడ్డం మాసిన ఇంజనీర్. పాట మొదలెట్టగానే అతను స్క్రీన్ ఆర్పేశాడు.

స్టూలెక్కి ఏసీలో తల దూర్చిన ముంగిసకి ఒళ్ళు మండింది. ఏం దాస్తున్నాడు వీడు?

"స్క్రీన్ ఎందుకార్పారు సార్?"

"కళ్ళు చూస్తుంటే చెవులు పనిచెయ్యవయ్యా. నీ పని నువ్వు చూసుకో."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకున్నాడు ముంగిస.

అంతలో సెంటు వాసన ముందొచ్చింది, వెనకాల గాయని వచ్చింది. నల్లకళ్ళద్దాలు, ఎర్రగౌను, భుజాన హ్యాండ్‌బ్యాగ్.

"ఈ గదిలో గాలాడదేం?" అంది పైకి చూస్తూ. అది కోడ్.

"కిటికీలు పెట్టడం మర్చిపోయారు మేడమ్" అన్నాడు ముంగిస. అదీ కోడే. ఆవిడ ఇంజనీర్ వైపు కళ్ళతో సైగ చేసింది.

"మేడమ్, పాట మరీ నీరసంగా ఉంది" అన్నాడు ఇంజనీర్. "సౌండ్ లెవెల్ కాస్త పెంచుతాను. ఇలాగే వదిలేస్తే వేరే సీడీల పక్కన మీ గొంతు వినపడదు."

"వద్దు. ఏదీ ముట్టుకోవద్దు. ఉన్నదున్నట్టు డిస్క్ మీదికి బర్న్ చెయ్యండి."

ముంగిస చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. అతని భార్యా పాడుతుంది. ఎక్కడ రికార్డింగ్ జరిగినా ఆవిడ మొదటి మాట "నా గొంతు పెంచమనండి." తన గొంతు వినపడకపోయినా ఫరవాలేదన్న గాయని ఇంకా పుట్టలేదు. పెంచుతానంటున్నవాడు దొంగా, వద్దంటున్నావిడ దొంగా?

ఇంజనీర్ ఎప్పుడూ రెండు డిస్కులు చేస్తాడు, వినడానికొకటి, కాపీలు తీసే ఫ్యాక్టరీకి మాస్టర్ డిస్కొకటి. మొదటిది తీసుకుని గాయని పక్కగదిలోకి వెళ్ళింది. తలుపు అద్దంలోంచి ముంగిస చూశాడు. పౌడర్ డబ్బాలాంటిదేదో తీసి ప్లేయర్‌కి తగిలించింది. ఆకుపచ్చ లైటు వెలిగింది. దాచింది చెక్కుచెదరలేదని కాబోలు, ఆవిడ నవ్వుకుంది.

ముంగిస స్టూలు దిగాడు. "సార్, ఫ్యాక్టరీ డిస్క్‌కి సౌండ్ పెంచండి. ఆవిడకి తెలియకూడదు."

"ఎవరు నువ్వు? వచ్చినప్పట్నించీ ఒకే స్క్రూ తిప్పుతున్నావు, అదీ తిరగేసి."

"మా ఆవిడ తమ్ముడి ప్రాణం దీనిమీదుంది. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఇంజనీర్ అతని మొహంలోకి చూశాడు. "పాట కింద నా పేరు పడుతుంది. పెంచమన్నవాణ్ణి నమ్మక, వద్దన్నదాన్ని నమ్మనా?"

మౌస్ కదిలింది. సన్నటి గీత లావెక్కింది. డిస్క్ తిరగడం మొదలైంది. తలుపు తెరుచుకుంది. ఇంజనీర్ స్క్రీన్ ఆర్పేశాడు.

"ఎందుకార్పారు?" గాయని గొంతులో అనుమానం.

"నేనొచ్చినప్పట్నించీ ఇదే వరస మేడమ్. కళ్ళు చూస్తుంటే చెవులు పనిచెయ్యవట" అని ముంగిస విసుక్కున్నాడు.

డిస్క్ బయటికొచ్చింది. ఆవిడ చెయ్యి చాపింది. "ఇదీ వింటాను."

"ఫ్యాక్టరీ డిస్క్ ఎవరూ ప్లే చెయ్యకూడదు. చిన్న గీత పడినా తిప్పి పంపేస్తారు" అంటూ ఇంజనీర్ దాన్ని పెట్టెలో పెట్టి సీలు వేశాడు. బయట హారన్ మోగింది. జీపువాడు లోపలికొచ్చి పెట్టె అందుకుని వెళ్ళాడు. బరువైన తలుపు మూసుకుంది.

ఆవిడ వెళ్ళబోతూ ఎందుకో స్క్రీన్ స్విచ్ నొక్కింది. స్క్రీన్ నిండా లావుపాటి గీత!

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ వచ్చింది. "ఆగు! డిస్క్ వెనక్కి తే!" అని జీపువాడికి వినపడేలా కేక పెడుతూ తలుపు పిడి మీద చెయ్యి వేసింది. ముంగిస పెన్ను నొక్కాడు. పిడి సగం తిరిగి ఆగిపోయింది. ఆవిడ కార్పెట్ మీద ఒరిగింది.

"ఆ కేక బయటికి వినపడుంటుందా?" అన్నాడు ముంగిస చెమట తుడుచుకుంటూ.

"నా స్టూడియోలోంచా?" ఇంజనీర్‌కి కోపమొచ్చింది.

సీడీ విడుదలైంది. శత్రుదేశంలోని ముఠావాళ్ళు దాన్ని కొని మెషీన్‌లో ఎన్నిసార్లు తిప్పినా పాటే వచ్చింది. వాళ్ళింకా తిప్పుతుండగానే పిచ్చుక సరిహద్దు దాటి, అక్కయ్య ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. తమ్ముణ్ణి చూసి కళ్ళు తుడుచుకుంటూనే ఆవిడ కొత్త సీడీ పెట్టింది.

"పాట బాగుంది బావా. సౌండే పిసరంత ఎక్కువైంది" అన్నాడు పిచ్చుక.

ఆ పిసరే లేకపోతే నువ్వీ పాట వినేవాడివి కాదురా అనబోయి, భార్యను చూసి ముంగిస గొంతు సవరించుకున్నాడు.

"ఆ ఇంజనీర్‌కి కాస్త చెవుడట" అన్నాడు.